హెరాల్డు చెల్లెలు, హిరోషిమా మనవరాలు

1955లో ఇంగ్లండులోని అబింగ్‌డన్ ఫ్యాక్టరీ నుంచి ఎంజీఏ అనే రెండు సీట్ల కారు బయటికొచ్చింది. నున్నటి ఒళ్ళు, కిందికి వాలిన ముక్కు, టాపు తీసేస్తే నెత్తిన ఆకాశం. అమెరికా కుర్రకారు దానికోసం వెర్రెత్తిపోయింది. లక్షకు పైగా తయారైతే సొంత దేశంలో అమ్ముడైనవి ఆరు వేల లోపే, మిగతావన్నీ ఓడలెక్కాయి. దాని బానెట్ ఎత్తితే కనబడేది 1489 సీసీల బీ-సిరీస్ ఇంజను. ఒకప్పుడు విజయవాడ స్టేషను బయట ఏడుగురిని కుక్కుకుని గుడివాడ బయల్దేరిన పాత అంబాసిడర్లలో, పెట్రోలు బండైతే, ఉన్నదీ ఆ ఇంజనే. ఎంజీఏకి జంట కార్బ్యురేటర్లు పెట్టి కాస్త సానబట్టారు, మనకి ఒక్కదానితో సరిపెట్టారు. పుట్టిల్లు మాత్రం ఒకటే.

నేను శాన్ హోసేలో ఉంటాను. శాంటా క్లారాలో ఫార్మసిస్టుని. పనికి పోయేది 1992 నాటి ఎర్ర మాజ్దా మియాటాలో. రెండే సీట్లు, 1600 సీసీ ఇంజను, పవర్ స్టీరింగు లేదు, కిటికీ అద్దాలు చేత్తో తిప్పుకోవాలి. తెలుగువాళ్ళ ఇంట్లో ఏ భోజనానికి వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతారు: "ఆదివారం షికారుకైతే సరేగానీ, రోజూ దీన్లోనే తిరుగుతావా వదినా?" ఈ వ్యాసం ఆ ప్రశ్నకు జవాబే. అసలు ఈ జాతి కార్లు పుట్టిందే రోజూ తిరగడానికి. మామూలు జనం నడిపే మామూలు కార్ల సామాన్లతో, మామూలు జీతాలకు అందేలా చేశారు వీటిని. దుప్పటి కప్పి గరాజులో దాచుకోవడం తర్వాతెప్పుడో వచ్చిన షోకు.

ఎంజీ అంటే మోరిస్ గరాజెస్. ఆక్స్‌ఫర్డులో విలియం మోరిస్ కార్ల అమ్మకాలూ మరమ్మతులూ చూసే దుకాణం అది. మేనేజరు సెసిల్ కింబర్ 1920లలో మామూలు మోరిస్ కార్ల ఛాసిస్‌లు తీసుకుని వాటిమీద తేలికపాటి అందమైన బాడీలు కట్టించి అమ్మడం మొదలుపెట్టాడు. కొత్త ఇంజను పుట్టించే స్తోమత దుకాణానికి లేదు. ఉన్నదాన్ని సర్దుకోవాలి, బరువు తగ్గించుకోవాలి. ఆ తర్వాత దశాబ్దాల పాటు బ్రిటన్‌లో చవక స్పోర్ట్స్ కారు చేసినవాళ్ళంతా పట్టిన దారి అదే.

యుద్ధం ముగిసిన 1945లోనే ఎంజీ టీసీ వచ్చింది. బ్రిటన్ చేతిలో డబ్బు లేదు. స్టీలు కోటా కావాలంటే సరుకు విదేశాలకు పంపి డాలర్లు తేవాలి. కార్ల కంపెనీలన్నీ ఎగుమతి మీద పడ్డాయి. టీసీ ఇంజను 1250 సీసీ, 54 హార్స్‌పవర్, అదీ మోరిస్ టెన్ అనే కుటుంబాల కారు నుంచి వచ్చిందే. బాడీ రేకుల కింద కర్ర చట్రం. హీటరు లేదు. స్టీరింగు కుడివైపే ఉండేది, అమెరికాకు పంపిన బళ్ళకు కూడా. అలాంటి బండిని అక్కడ ఎవరు కొంటారు? కొన్నారు. యుద్ధకాలంలో ఇంగ్లండులో మకాం వేసిన అమెరికన్ సైనికులు ఇటువంటి బళ్ళు చూసి మనసు పారేసుకుని వచ్చారు. 1949 దాకా తయారైన పది వేలలో ఇంచుమించు రెండు వేలు అమెరికా చేరాయి. డెట్రాయిట్ వాళ్ళు పడవలంత కార్లు చేస్తున్న రోజుల్లో, 800 కిలోలైనా తూగని ఈ బండి అక్కడి రోడ్డుమీద వింతగా ఉండేది.

ఆ టీసీల యజమానులు వారమంతా ఆఫీసుకు పోయేది అందులోనే. ఆదివారం ముందున్న అద్దం మడిచేసి, తలుపు మీద అంకె అంటించి పందేనికి దిగేవాళ్ళు. సాయంత్రం అంకె పీకేసి ఇంటికొచ్చి, సోమవారం మళ్ళీ ఆఫీసు. లాస్ ఏంజెలస్‌లో విదేశీ కార్లు అమ్మే దుకాణంలో మెకానిక్కుగా ఉన్న ఫిల్ హిల్ కూడా టీసీతోనే పందేలు మొదలుపెట్టాడు. 1961లో ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటి అమెరికన్ అతనే.

ఉన్న సామాన్లతోనే సర్దుకునే ఈ పొదుపు కళ పరాకాష్ఠకు చేరింది ఆస్టిన్-హీలీ స్ప్రైట్‌లో. 1958 మే నెలలో మాంటీ కార్లోలో దాన్ని ప్రపంచానికి చూపించారు. గీసింది డొనాల్డ్ హీలీ బృందం, తయారైంది మళ్ళీ అబింగ్‌డన్‌లోనే. ఇంజనూ ముందు సస్పెన్షనూ ఆస్టిన్ ఏ35వి, స్టీరింగు మోరిస్ మైనర్‌ది. 948 సీసీ, 43 హార్స్‌పవర్, బరువు 700 కిలోల లోపు. తలుపులకు బయట పిడులు లేవు, చెయ్యి లోపలికి పెట్టి తీసుకోవాలి. డిక్కీకి మూతే లేదు, సీటు ముందుకు వంచి తల దూర్చి సామాను లాక్కోవాలి. హెడ్‌లైట్లు వాడనప్పుడు పడుకునేలా చేద్దామనుకున్నారు, ఖర్చు చూసి మానేసి బానెట్ మీద అలాగే నిలబెట్టేశారు. కప్ప కళ్ళ కారని ఇంగ్లండులో ముద్దుపేరు పడింది. నాకు చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన కారు ఇదే. డబ్బు లేకపోవడం వల్ల ఇంత అందంగా తయారైన వస్తువు ఇంకొకటి నేను చూడలేదు.

ఇక్కడ మా పెదనాన్న కథలోకొస్తాడు.

ఆయన తెనాలిలో డాక్టరు. ఆయనకో స్టాండర్డ్ హెరాల్డు ఉండేది, లేత ఆకుపచ్చది. ఇంగ్లండు ట్రయంఫ్ హెరాల్డునే మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి పదేళ్ళ పాటు తయారుచేశారు. పొన్నూరు వైపు, చేబ్రోలు వైపు పల్లెల్లో రోగుల్ని చూడ్డానికి ఆయన అందులోనే వెళ్ళేవాడు. బోసు రోడ్డులో రిక్షాల మధ్య ఒక్క తిప్పుకే వెనక్కి తిరిగేది. అంబాసిడర్ వాళ్ళు ముందుకీ వెనక్కీ మూడుసార్లు ఆడించి తిప్పుకుంటుంటే పెదనాన్న అటు చూసి నవ్వేవాడు. పిల్లలకి మాత్రం పండగ ఆ కారు పాడైనప్పుడే. దాని బానెట్ మడ్‌గార్డులతో సహా ఒక్క ముక్కగా ముందుకు తెరుచుకునేది. ముందు చక్రాలు, ఇంజను, స్టీరింగు రాడ్లు అన్నీ బయటపడేవి. మెకానిక్ సాయిబు టైరు మీద తీరిగ్గా కూర్చుని, టీ తాగుతూ రిపేరు చేసేవాడు. నేను పానా అందించేదాన్ని. ఇంజను ఎలా ఉంటుందో నాకు తెలిసింది అక్కడే.

ఆ హెరాల్డుకి సీమలో ఒక చెల్లెలుంది. 1962లో ట్రయంఫ్ వాళ్ళు హెరాల్డు ఛాసిస్‌నే పొట్టి చేసి, పైన రెండు సీట్ల బాడీ తొడిగి స్పిట్‌ఫైర్ అని పేరు పెట్టారు. అక్కకీ చెల్లెలికీ రూపమిచ్చింది ఒకడే, ఇటలీ దేశపు జొవన్నీ మికెలొట్టీ. అదే ముందుకు తెరుచుకునే బానెట్. వెనక అడ్డంగా వేసిన కమాను కట్టా అదే. వేగంగా మలుపులో పడి గాభరాగా యాక్సిలరేటరు వదిలితే వెనక చక్రం లోపలికి మడుచుకుపోయే దుర్గుణం కూడా అక్క దగ్గర్నుంచి వచ్చిందే. 1980 వరకు మూడు లక్షలకు పైగా స్పిట్‌ఫైర్లు అమ్ముడయ్యాయి. కాలిఫోర్నియాలో ఒక నర్సో, స్కూలు మాస్టరో టాపు దించుకుని సముద్రం పక్కన పోయిన కారూ, పెదనాన్న స్టెతస్కోపు సంచీతో కాలవగట్టు మీద పోయిన కారూ ఒకే ఇంటి బిడ్డలు. ఈ సంగతి ఆయనకు తెలిసి ఉంటే ఇంకో నాలుగు రోజులు ఆ బండిని ఉంచుకునేవాడేమో. అమ్మేసి ఫియట్ కొన్నాడు.

అదే 1962లో ఎంజీబీ, లోటస్ ఎలాన్ కూడా వచ్చాయి. ఎంజీబీ వాటన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది, అయిదు లక్షల పైమాటే. ఎలాన్ సంగతి వేరు. లోటస్ అధిపతి కోలిన్ చాప్‌మన్‌కి బరువంటే పగ. ఫైబర్‌గ్లాస్ బాడీ, నడిమధ్య ఒకే ఒక్క స్టీలు చట్రం, మొత్తం 700 కిలోల చుట్టుపక్కల. దాన్ని నడిపినవాళ్ళు మరిచిపోలేదు. ఇరవై యేళ్ళ తర్వాత జపాను వాళ్ళు విప్పి చూసి నేర్చుకున్నది కూడా ఎలాన్‌నే.

ఈ కార్లు ఎందుకు చచ్చిపోయాయంటే, తప్పు సగం తయారుచేసినవాళ్ళది. వానకి తడిస్తే వెలగని లైట్లు, ఎక్కడ ఆపితే అక్కడ నూనె మరక, ఏళ్ళ తరబడి మార్చని డిజైను. మిగతా సగం కాలం తెచ్చింది. 1968 నుంచి అమెరికాలో భద్రతా నిబంధనలు, ఆపైన పొగ నిబంధనలు బిగిశాయి. ఎంజీబీకి 1974లో నల్లటి లావు రబ్బరు బంపర్లు తగిలించి, హెడ్‌లైట్ల ఎత్తు సరిపోవాలని బండినే పైకి లేపారు. పొగ తగ్గించడానికి జంట కార్బ్యురేటర్లు తీసేసి ఒకటి పెట్టారు. బరువు పెరిగింది, బలం తగ్గింది. అటుపైన పౌండు విలువ పెరిగి అమెరికా అమ్మకాల్లో లాభం ఆవిరైంది. 1980 అక్టోబరులో అబింగ్‌డన్ గేట్లు మూసేశారు. స్పిట్‌ఫైర్ కూడా ఆ యేడే ఆగింది. అన్నీ కలిసొచ్చి చంపాయి గానీ, జనానికి మోజు తీరి మాత్రం కాదు.

అది కనిపెట్టినవాడు బాబ్ హాల్. అమెరికాలో కార్ల పత్రికల విలేకరి, జపాను భాష బాగా వచ్చినవాడు. 1979లో మాజ్దా పరిశోధన విభాగం పెద్ద కెనిచి యమమోటోని కలిశాడు. రోటరీ ఇంజనుని లొంగదీసిన ఇంజనీరుగా ఆయనకు అప్పటికే గొప్ప పేరు. మాజ్దా ఇకముందు ఏం చేస్తే బాగుంటుందని ఆయన అడిగితే, హాల్ లేచి బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెప్పాడు: బ్రిటన్ వాళ్ళు చేతులెత్తేస్తున్న ఆ చిన్న టాపులేని కారు మీరు చెయ్యండి. ఆ మాట ఆయన మనసులో ఎక్కడో పడి ఉంది. 1981లో హాల్ కాలిఫోర్నియాలోని మాజ్దా ఆఫీసులోనే ఉద్యోగంలో చేరాడు. ఆ రోజుల్లోనే యమమోటో చేత హకోనే కొండ దారుల్లో ఒక కారు నడిపించారు. ఏ కారనుకున్నారు? ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. మా పెదనాన్న హెరాల్డు చెల్లెలు! ఆయనకు సంగతి అర్థమైంది. 1984లో ఆయన కంపెనీ అధ్యక్షుడయ్యారు.

కంపెనీలో రెండు బృందాలకు పోటీ పెట్టారు. టోక్యో వాళ్ళు ఇంజను ముందుండి ముందు చక్రాలు తిప్పే కారొకటి, ఇంజను నడిమధ్య ఉండేదొకటి గీశారు. టామ్ మటానో, మార్క్ జోర్డన్ వంటివాళ్ళున్న కాలిఫోర్నియా బృందం పాత పద్ధతే కావాలంది, ఇంజను ముందు, తోపు వెనక చక్రాలకి. కాలిఫోర్నియా గెలిచింది. నడిచే నమూనా బండిని ఇంగ్లండులోని వర్దింగ్‌లో ఒక సంస్థ కట్టిస్తే, 1985లో దాన్ని శాంటా బార్బరా వీధుల్లో తిప్పి చూశారు. దారినపోయేవాళ్ళు వెంటపడి ఇదెక్కడ దొరుకుతుందని అడిగారట. ప్రాజెక్టు బాధ్యత తొషిహికో హిరాయిది. సైలెన్సరు చప్పుడు కోసం రకరకాలు చేసి విని ఎంచుకున్నారు. ఇంజను మాత్రం కింబర్ నాటి పద్ధతే, మాజ్దా 323 అనే ఇంటి కారు ఇంజను వంశంలోదే.

1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో మియాటాకు తెర తీశారు. 116 హార్స్‌పవర్, బరువు 950 కిలోల పైచిలుకు, ధర 13,800 డాలర్లు. మొదట మూడే రంగులు: ఎరుపు, తెలుపు, నీలం. డీలర్లు దానిపైన వేలకు వేలు గుంజినా జనం వరస కట్టారు. 1991లో ముదురాకుపచ్చలో ప్రత్యేకంగా కొన్ని వేలు చేశారు. ఆ రంగు బ్రిటిష్ పందెపు కార్లది. గురుదక్షిణ చెల్లించినట్టే అనుకుంటాను. 2000లో అది ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారుగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2016 ఏప్రిల్‌లో పది లక్షలవ కారు హిరోషిమాలో తయారైంది.

ఇక నా బండి. రిటైరైన ఒక టీచరమ్మ దగ్గర కొన్నాను. ఆవిడ కూడా బడికి రోజూ అందులోనే వెళ్ళేదట.

శాన్ టోమస్ ఎక్స్‌ప్రెస్‌వే మీద సిగ్నలు దగ్గర ఆగితే పక్కనున్న పెద్ద ఎస్‌యూవీ టైరు నా భుజానికి సమానంగా ఉంటుంది. వాళ్ళకి నేను కనబడను. కాబట్టి వాళ్ళ అద్దంలో పడని చోట ఎప్పుడూ నిలవకూడదు, దాటిపోవడమో వెనకబడటమో చెయ్యాలి. 880 మీద లారీల మధ్య ఈ సూత్రం ఇంకా ముఖ్యం. డ్రైవరుకి ఒక్కదానికే ఎయిర్‌బ్యాగు. కొత్త కార్లతో పోలిస్తే ప్రమాదంలో ఇది నిలవదు. నిలుస్తుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. పక్క సీట్లో చిన్నపిల్లల్ని నేను ఎక్కించను.

డిక్కీలో స్టెప్నీ, బ్యాటరీ పోగా మిగిలింది ఒక చిన్న పెట్టె పట్టేంత చోటు. సన్నీవేల్ వెళ్ళి సరుకులు తెచ్చుకోవాలంటే సోనా మసూరి బస్తా పక్క సీటెక్కి బెల్టు పెట్టుకుంటుంది, కూరగాయలు దాని కాళ్ళ దగ్గర. లివర్‌మోర్ గుడికి పులిహోర గిన్నె పట్టుకెళ్ళడానికి ఢోకా లేదు. ఇండియా నుంచి అమ్మావాళ్ళు దిగే రోజు మాత్రం మా ఆయన వ్యాను తీస్తారు, రెండేసి పెట్టెలూ ఆవకాయ జాడీలూ దీన్లో ఎక్కవు. మా అత్తయ్య ఒకే ఒక్కసారి ఎక్కింది. దిగేటప్పుడు "ఇద్దరు పట్టుకుని లేపాలే అమ్మాయ్, మీకింకో కారు లేదా?" అంది.

మరి ఎందుకు? తేలిక గనక. ఇంత తేలిక బండి టైర్లని అరగదీయదు, బ్రేకుల్ని తినదు, పెట్రోలు మితంగా తాగుతుంది. చిన్న టైర్లు, చవక. పవర్ లేని స్టీరింగులో రోడ్డు మీది గరుకంతా చేతికి తెలుస్తుంది. గేరు రాడ్డు అరచెయ్యంత దూరంలో కదులుతుంది. నలభై మైళ్ళ వేగానికే మనసు నిండుతుంది, చలానా రాదు. కొత్త బళ్ళలో ఎనభైలో పోతున్నా కూర్చున్నట్టే ఉంటుంది. పది గంటల షిఫ్టులో ఇన్సూరెన్సు వాళ్ళతో ఫోన్లో వాదించి వాదించి బయటపడ్డాక, టాపుకున్న రెండు కొక్కేలు విప్పి వెనక్కి తోసేసి ఇంటికొస్తే ఇల్లు చేరేలోపు మనిషినవుతాను.

పాతబండి గనక పాతబండి రోగాలుంటాయి. ఓ సాయంత్రం లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే మీద క్లచ్ పెడల్ నేలకంటుకుపోయింది. స్లేవ్ సిలిండరు కారిపోయింది, ఈ కార్లకి మామూలే. పార్టుల దుకాణంలో మర్నాడే దొరికింది, రెండు బోల్టులు, ఒక పైపు. పానా పట్టడం వచ్చినవాళ్ళకి ఓ పూట పని. 60 వేల మైళ్ళకోసారి టైమింగ్ బెల్టు మార్చాలి. ఖర్మకాలి తెగినా ఈ 1600 సీసీ ఇంజనులో వాల్వులు పిస్టన్లకు తగలవు, బండి ఆగిపోతుందే గానీ ఇంజను పోదు. కాలిఫోర్నియాలో రెండేళ్ళకోసారి పొగ పరీక్ష. 1975, అంతకు ముందు మోడళ్ళకు ఆ పరీక్ష లేదు. అంటే నల్లటి పొగ కక్కే ముసలి ఎంజీకి మినహాయింపు, శుభ్రంగా నడిచే నా బండికి పరీక్ష! చట్టమంటే అంతే.

ఈ మధ్య వీటి ధరలు పెరిగాయి. తక్కువ మైళ్ళు తిరిగిన బళ్ళని కొని, దుప్పటి కప్పి, నెలకోసారి స్టార్ట్ చేసి ఆపేసే జనం తయారయ్యారు. కదలని బండికి సీళ్ళు ఎండిపోతాయి, టైర్లు ఒకవైపే నొక్కుకుపోతాయి, బ్రేకులు పట్టేస్తాయి. తిరిగే బండికి వీటిలో ఏదీ రాదు. మాజ్దాయే 2017లో జపానులో పాత మోడళ్ళను బాగుచేసి ఇచ్చే పథకం ప్రకటించి, ఆగిపోయిన టాపుల్నీ, మొదటి నాటి టైర్లనీ మళ్ళీ తయారు చేయించింది. బళ్ళు రోడ్డుమీద ఉండాలని తయారుచేసినవాళ్ళే కోరుకుంటున్నారు.

మీలో ఎవరికైనా ఇలాంటిది కొనాలనిపిస్తే మైళ్ళు ఎక్కువని భయపడకండి. రంగు చూసి మోసపోకండి. వెనక చక్రానికి కాస్త ముందు, తలుపు కింది రేకు మీద వేలితో గట్టిగా నొక్కి చూడండి. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి తడి ఉందేమో తడమండి. టాపు మీది వాననీళ్ళు పోయే దారులు ఆకులతో పూడుకుపోతే ఆ నీళ్ళు అక్కడే చేరి రేకుని లోపల్నుంచి తినేస్తాయి. అక్కడ తుప్పు లేకపోతే బేరమాడి కొనెయ్యండి, సోమవారం నుంచే పనికి తీసుకెళ్ళండి.